చెప్పుకోవడానికి ఒక మనిషి



ఎవరి పేరు మీద ఏటా ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ అమ్మ ఉపాధ్యాయిని. వెనక బెంచీలోని ఆడపిల్ల లేచి నిలబడి తన మాట తాను చెప్పేదాకా పాఠం ముందుకు సాగనిచ్చేవారు కాదని ఆమె శిష్యులు చెబుతారు. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయే రచయిత్రుల్లో మొదటావిడ కూడా బడిలో పాఠాలు చెప్పిన మనిషే. అంశాన్ని ఎంచుకోవడానికి నాకు ఆ ఒక్క కారణం చాలు.

స్త్రీల అస్తిత్వ అన్వేషణ అనగానే మనకు ఒక కథ మనసులో మెదులుతుంది. అణగిమణగి ఉన్న స్త్రీ, ఒక పెద్ద దెబ్బ, గడప దాటడం, బయట తనను తాను కనుక్కోవడం. ఫ్రెంచి వలసపాలన నడిచిన దేశాల స్త్రీలు ఫ్రెంచిలో రాసిన నవలల్ని కూడా ఈ వరసలోనే చదివే విమర్శకులు చాలామంది ఉన్నారు. నాకు ఆ నవలల్లో కనిపించేది వేరు. ‘నేనెవరిని?’ అన్న ప్రశ్నకన్నా ముందు అక్కడ ఇంకో ప్రశ్న నిలబడి ఉంటుంది: ‘నేను చెబితే వినేదెవరు?’ వినే మనిషి దొరికాకే ఆ స్త్రీలకు తమ గురించి చెప్పుకునే మాట దొరుకుతుంది. దొరకనప్పుడు ఆ మనిషిని వాళ్లే కల్పించుకుంటారు. ఒకామెకు సముద్రానికి అవతలి స్నేహితురాలు, ఒకామెకు దగ్గర లేని ప్రియుడు, ఇంకొకామెకు దాదాపు మూడు వందల ఏళ్ల తర్వాత ఆమె కథ రాసిన రచయిత్రి.

వినే మనిషి దొరకడం ఎందుకింత కష్టమైంది? 1960 ఒక్క ఏడాదిలోనే ఆఫ్రికాలో ఫ్రెంచి ఏలుబడిలో ఉన్న 14 దేశాలు స్వతంత్రమయ్యాయి. అల్జీరియా దాదాపు ఎనిమిదేళ్ల యుద్ధం తర్వాత 1962లో విముక్తి పొందింది. ఆ రోజుల సాహిత్యంలో స్త్రీ లేకపోలేదు, పైగా అంతటా ఉంది. సెనెగల్ తొలి అధ్యక్షుడైన కవి సెంఘోర్ నల్లజాతి స్త్రీని ఆఫ్రికాకే ప్రతిరూపంగా కీర్తించాడు. తల్లి, నేల, జాతి అన్నీ ఆమే. అలా పూజ పొందుతున్న స్త్రీకి మాట్లాడే పని ఉండదు. నల్లజాతి ఆత్మగౌరవ ఉద్యమం నెగ్రిట్యూడ్ అనగానే సెంఘోర్, సెజేర్, దమా అనే ముగ్గురు మగవాళ్ల పేర్లు చెబుతాం. వాళ్లకన్నా ముందే మార్తినీక్ నుంచి వచ్చిన నార్దాల్ అక్కచెల్లెళ్లు పారిస్ పక్కన క్లమార్‌లోని తమ ఇంట్లో నల్లజాతి రచయితల్ని ఒకచోట చేర్చారు. పోలెత్ నార్దాల్ 1931, 32లలో వచ్చిన ‘నల్లజాతి లోకం’ అనే పత్రిక వెనక నిలబడింది. చరిత్ర రాసినవాళ్లు చాలాకాలం ఆ ఇంటిని మర్చిపోయారు.

మరియమా బా 1929లో డకార్‌లో పుట్టింది. చిన్నప్పుడే తల్లి పోతే అమ్మమ్మ, తాతయ్యల దగ్గర ముస్లిం సంప్రదాయంలో పెరిగింది. రుఫిస్క్‌లోని ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలకు ప్రవేశపరీక్ష రాసి మొత్తం ఫ్రెంచి పశ్చిమాఫ్రికాలోనే ప్రథమురాలిగా నిలిచింది. పెళ్లి, తొమ్మిది మంది పిల్లలు, విడాకులు, బడి ఉద్యోగం, మహిళా సంఘాల పని. ఇవన్నీ అయ్యాక, యాభయ్యో ఏట, 1979లో తొలి నవల ‘ఇంత పొడవైన ఉత్తరం’ వెలువడింది. మరుసటి ఏడాది ఆఫ్రికా ప్రచురణలకిచ్చే నోమా బహుమతి మొట్టమొదటిసారి దానికే దక్కింది. 1981లో ఆమె కన్నుమూసింది. రెండో నవల ఆమె పోయాక వచ్చింది. ఇంత చిన్న రచనాజీవితంతో ఒక ఖండపు సాహిత్యాన్ని ఇంతగా కదిలించినవాళ్లు తక్కువ.

ఆ నవలలో రమతులాయే భర్త మోదూ గుండె ఆగి చనిపోతాడు. ఇస్లాం విధించిన నాలుగు నెలల పది రోజుల శోకకాలంలో ఆమె ఇల్లు కదలకూడదు. ఒక నోట్‌బుక్ తెరిచి, అమెరికాలో ఉన్న చిన్ననాటి స్నేహితురాలు ఐసతూకు ఉత్తరం రాయడం మొదలుపెడుతుంది. నవలంతా ఆ ఉత్తరమే. ఇరవై అయిదేళ్ల కాపురం తర్వాత మోదూ తమ కూతురు దాబా స్నేహితురాలైన బినెతూను రెండో పెళ్లి చేసుకుని, మొదటి ఇంటి మొహం మళ్లీ చూడలేదు. ఆ వార్త రమతులాయేకు తెలిసిన తీరును బా ఎంత ఓపికగా రాసిందో చూడండి. పెళ్లి జరిగిన రోజు సాయంత్రం ముగ్గురు మగవాళ్లు ఇంటికొస్తారు: ఇమామ్, మోదూ అన్న తంసీర్, స్నేహితుడు మవ్దో. దైవ నిర్ణయమని చుట్టూ తిప్పి అసలు సంగతి చెబుతారు. ఆమె చిరునవ్వు చెరగనీయదు. తాగడానికి ఇస్తుంది. వచ్చినందుకు కృతజ్ఞతలు కూడా చెబుతుంది. ఆ గదిలో ముగ్గురు మాట్లాడేవాళ్లున్నారు, ఆమె మాట వినేవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. ఆ చిరునవ్వును అణకువగా చదివితే నవల చేజారిపోతుంది. లోపలిది చెప్పుకోవడానికి మనిషి లేనిచోట ఆమె తనను తాను కాపాడుకుంటోంది.

ఏళ్లు గడిచి మోదూ చనిపోతాడు. నలభయ్యో రోజు కర్మ ముగియగానే తంసీర్ మళ్లీ వస్తాడు. శోకకాలం తీరాక ఆమెను తాను చేసుకుంటానని, అడగకుండానే, నిర్ణయం ప్రకటిస్తాడు. అప్పుడు ముప్ఫై ఏళ్ల మౌనం ఒక్కసారి పగులుతుంది. చేతులు మార్చుకునే వస్తువును కానని ఆమె అతని ముఖం మీదే చెబుతుంది. ఉన్న భార్యలే కష్టపడి అతని ఇల్లు నడుపుతున్న సంగతి కూడా గుర్తుచేస్తుంది. ఈ సన్నివేశాన్ని విమర్శకులందరూ ప్రస్తావిస్తారు, అందులో ఆశ్చర్యం లేదు. నేను అడిగేదొక్కటి: మొదటిసారి చిరునవ్వుతో ఊరుకున్న మనిషి ఈసారి మాట్లాడటానికి మధ్యలో ఏం మారింది? చదువు మారలేదు. చట్టం మారలేదు. ఇంటికి ఐసతూ వస్తుందని, వింటుందని ఆమెకు తెలుసు. మనసులో ఐసతూకు చెప్పుకుంటూ చెప్పుకుంటూ ఉన్న గొంతే బయట తంసీర్ ముందు పలికింది.

ఐసతూ కథ ఇంకా సూటిగా ఉంటుంది. ఆమె కంసాలి కూతురు, మవ్దో భార్య. మవ్దో తల్లి నబూ రాచవంశపు స్త్రీ. చేతిపనుల కులాలతో పెద్దింటివాళ్లు వియ్యమందరు. ఆ కోడలిని ఆమె ఏనాడూ ఒప్పుకోలేదు. సొంత తమ్ముడి కూతుర్ని తెచ్చి, తన చేతుల మీద పెంచి, కొడుక్కి రెండో భార్యగా కట్టబెడుతుంది. తల్లి మాట తీసేయలేనంటాడు కొడుకు. ఐసతూ ఒక ఉత్తరం రాసిపెట్టి, నలుగురు కొడుకుల్నీ వెంటబెట్టుకుని వెళ్లిపోతుంది. చదువుకుంటుంది, అనువాదకురాలిగా రాయబార కార్యాలయంలో ఉద్యోగం చేస్తుంది. వలసపాలన తప్పుల్ని మాత్రమే వెతికే పాఠకుడికి బా ఇక్కడ అడ్డం పడుతుంది. ఈ కులం ఫ్రెంచివాళ్లు తెచ్చింది కాదు. వాళ్లు వెళ్లాక పోయిందీ లేదు.

రమతులాయే మాత్రం విడాకులు తీసుకోదు. ఈ నిర్ణయం కొందరు స్త్రీవాదులకు మింగుడుపడలేదు. భర్తతో కలిసి కూడబెట్టిన డబ్బుతో కొన్న ఇల్లు అతని పేరు మీద ఉంది. అతను పోయాక, బినెతూకు ఇల్లు కొనడానికి తమ ఇంటినే తాకట్టు పెట్టాడని తెలుస్తుంది. పన్నెండు మంది పిల్లలు. సినిమాకు ఒంటరిగా వెళ్లడం నేర్చుకుంటుంది. ఐసతూ కొనిచ్చిన కారు నడపడం నేర్చుకుంటుంది. ఉండిపోయిన ఆడదానిలో మార్పు రాదన్నవాళ్లు ఈ పేజీల్ని వదిలేసి చదివినట్టే. ఇద్దరు స్నేహితురాళ్లవి రెండు దారులు. ఏది సరైందో బా తీర్పు చెప్పలేదు. ఒకరి మాట ఒకరు పూర్తిగా వినేలా చేసింది.

అల్జీరియా రచయిత్రి ఆసియా జెబార్ దగ్గరికి వస్తే సమస్య ఇంకా చిక్కుపడుతుంది. వినాల్సిన మనుషులు ఆమె కళ్లెదుటే ఉన్నారు, ఆమె రాస్తున్న భాష వాళ్లకు రాదు. 1936లో షెర్షెల్‌లో పుట్టిన ఈమె అసలు పేరు ఫాత్మా జోరా ఇమలయెన్. తండ్రి ఫ్రెంచి బడిలో ఉపాధ్యాయుడు. 1955లో ఫ్రాన్సులోని సెవ్ర్ ఉన్నత విద్యాలయంలో చేరిన తొలి అల్జీరియా మహిళ ఆమే. 1957లో తొలి నవల అచ్చయినప్పుడు ఇంట్లోవాళ్లు నొచ్చుకోకుండా ఆసియా జెబార్ అని కలంపేరు పెట్టుకుంది. 2005లో ఫ్రెంచి అకాడమీకి ఎన్నికైంది. మగ్రిబ్ దేశాల నుంచి ఆ గౌరవం పొందిన మొదటి వ్యక్తి.

1985లో వచ్చిన ‘ప్రేమ, ఫాంటాసియా’ నవల, చిన్నపిల్ల తండ్రి చెయ్యి పట్టుకుని ఫ్రెంచి బడికి నడిచివెళ్లే దృశ్యంతో మొదలవుతుంది. ఆ చదువే పరదా వెనకకు వెళ్లకుండా ఆమెను కాపాడింది. అదే చదువు, పరదా వెనక ఉన్న అత్తలనుంచి, పిన్నులనుంచి ఆమెను వేరుచేసింది. ఈ నవలలో ఒక చిన్న అధ్యాయం తెలుగువాళ్లకు మరీ దగ్గరగా ఉంటుంది. అక్కడి స్త్రీలు భర్తను పేరుపెట్టి పిలవరు, ‘ఆయన’ అనే అంటారు. తల్లి కొంచెం ఫ్రెంచి నేర్చుకున్నాక, ఆ భాషలో మాట్లాడేటప్పుడు భర్త పేరు పలకడం మొదలుపెడుతుంది. ఒకసారి ఊరెళ్లిన తండ్రి పోస్టుకార్డు రాసి, దాని మీద భార్య పేరే రాస్తాడు. తపాలా మనిషి, ఇంకెందరో మగవాళ్లు ఆ పేరు చదివి ఉంటారు. చుట్టాలైన ఆడవాళ్లు విని నివ్వెరపోతారు. కూతురికి మాత్రం తన తల్లిదండ్రులు ఒకరినొకరు బాహాటంగా ప్రేమించుకుంటున్నారన్న సంగతి అప్పుడే తెలుస్తుంది. నాయనమ్మల కాలం గుర్తున్న మన ఇళ్లలో ఈ అధ్యాయానికి వివరణ అక్కర్లేదు. భార్య పేరు కార్డు మీద రాయడం ఆ ఇంట్లో ఎంత పెద్ద సంగతో మనకు వెంటనే తెలుస్తుంది.

అదే నవలలో జెబార్ 1830 నాటి అల్జీర్స్ ముట్టడిని, 1845లో దహ్రా గుహల్లో దాక్కున్న ఒక తెగను ఫ్రెంచి కల్నల్ పెలిసియే పొగబెట్టి చంపించిన ఘోరాన్ని తిరిగి రాస్తుంది. ఆధారాలు ఎవరివి? చంపినవాళ్లవే. సైనికాధికారుల నివేదికలు, ఇంటికి రాసుకున్న ఉత్తరాలు. చచ్చిపోయినవాళ్లు ఏమీ రాసిపెట్టలేదు. శత్రువు కాగితాల్లోనుంచి తనవాళ్ల ఊపిరిని వెతికి పట్టుకోవడం ఎంత బాధతో కూడిన పనో ఆ పేజీలు చదివితే తెలుస్తుంది. వాటి పక్కనే స్వాతంత్ర్య యుద్ధంలో కష్టాలు పడ్డ పల్లెటూరి స్త్రీల మాటల్ని పెట్టింది. ఆ స్త్రీల గొంతుల కోసమే ఆమె నవలలు పక్కనపెట్టి, షెనువా కొండప్రాంతంలో, తల్లి తరఫు వాళ్ల మధ్య సినిమా తీసింది. ‘షెనువా కొండ స్త్రీల నౌబా’ అనే ఆ చిత్రానికి 1979లో వెనిస్‌లో విమర్శకుల బహుమతి వచ్చింది. చదవలేని స్త్రీలు తమ మాట తాము వినగలిగే మాధ్యమం అది.

నవల చివర్లో ఫ్రెంచి చిత్రకారుడు ఫ్రొమాంతాఁ కనిపిస్తాడు. 1853లో ఊచకోత తర్వాతి లగువాత్ ఊరికి వెళ్లిన అతను, దుమ్ములో పడి ఉన్న ఒక స్త్రీ తెగిన చెయ్యిని తీసి, మళ్లీ పారేస్తాడు. జెబార్ ఆ చెయ్యిని అందుకుని దానికి కలం పట్టించాలనుకుంటుంది. ఫ్రెంచి భాష ఆమెకు ఆయుధమా, గాయమా అని పండితులు వాదించుకుంటారు. ఆ చెయ్యి దగ్గర నాకు ఆ వాదం మీద ఆసక్తి పోతుంది. తనను వినడానికి ఎవరూ మిగలని స్త్రీని ఒక రచయిత్రి నూట ముప్ఫై ఏళ్ల తర్వాత వింటోంది.

గ్వాదెలూప్ రచయిత్రి మరీస్ కొందేది కూడా ఇదే దారి, కానీ ఆమె స్వభావం వేరు. పూర్వీకుల నేలకు వెళ్తే తనెవరో తెలుస్తుందన్న ఆశను ఆమె తొలి నవల ‘హెరెమాఖోనోన్’ 1976లోనే కఠినంగా పరీక్షించింది. కథానాయిక వెరొనికా ఆఫ్రికా వెళ్తుంది, ఒక మంత్రిని ప్రేమిస్తుంది, అతని ప్రభుత్వం విద్యార్థుల్ని అణచివేస్తుంటే చూస్తూ ఉండిపోతుంది, చివరికి పారిస్ తిరిగొస్తుంది. ఆమె మనసులో మాట పాఠకుడికి తప్ప నవలలో ఎవరికీ సరిగా అందదు. 1986లో కొందే, 1692లో అమెరికాలోని సేలెంలో మంత్రగత్తె అని విచారించిన బానిస తితుబా కథను తితుబా నోటే చెప్పించింది. కోర్టు కాగితాల్లో ఆమె వాంగ్మూలం ఉంది. జైలు ఖర్చు కట్టి ఎవరో ఆమెను కొనుక్కుపోయాక చరిత్ర ఆమెను వదిలేసింది. కొందే ఆ ఖాళీని నింపింది. అందులో కావాలని పెట్టిన హేళన కూడా ఉందని, తితుబాను మరీ గంభీరమైన వీరనారిగా చదవొద్దని తర్వాత చెప్పింది కూడా. ఆ హెచ్చరిక మంచిదే. అయినా తితుబా తన చావు తర్వాత కూడా మాట్లాడుతూ ఉండే ఆ నవలలో, వినే స్థానంలో రచయిత్రి కూర్చున్న తీరు నన్ను విడిచిపెట్టదు.

ఇక ఆనంద దేవి. మనతో నిజమైన చుట్టరికం ఉన్న రచయిత్రి. మారిషస్‌లోని త్రువా బుతిక్ అనే ఊళ్లో 1957లో పుట్టింది. ఆమెది తెలుగు మూలాలున్న కుటుంబం. 1834 తర్వాత చెరకు తోటల్లో కూలికని భారతదేశం నుంచి నాలుగున్నర లక్షల మంది దాకా ఆ దీవికి వెళ్లారు. గోదావరి పాయ సముద్రంలో కలిసేచోటి కోరంగి రేవు నుంచి ఓడలెక్కినవాళ్లు ఉన్నారు గనక అక్కడి తెలుగువాళ్లకు కోరంగీలనే పేరు పడింది. ఆ కోరంగి పక్కనే యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉంది. మారిషస్ 1810లోనే ఇంగ్లీషువాళ్ల చేతిలోకి పోయినా చదువుకున్నవాళ్ల భాషగా, పత్రికల భాషగా ఫ్రెంచి నిలిచింది. అలా ఒక తెలుగింటి బిడ్డ ఫ్రెంచి నవలాకారిణి అయింది. 2024 సంవత్సరానికి నాయ్‌స్టాట్ అంతర్జాతీయ పురస్కారం ఆమెకు దక్కింది.

చుట్టరికం ఉందని మురిసిపోయే ముందు ఆమె ఏం రాసిందో చూడాలి. దీవికి వెళ్లినవాళ్లు తమతోపాటు తీసుకెళ్లిన ఆచారం, అక్కడ వేరే జాతుల మధ్య మరింత బిగిసి ఆడదాని మెడకు ఎలా చుట్టుకుందో ఆమె రాసింది. ‘ద్రౌపది మేలిముసుగు’ నవలలో అంజలి కొడుకు మెదడు పొరల వాపుతో మంచానపడతాడు. బిడ్డ బతకాలంటే తల్లి నిప్పుల మీద నడవాలని భర్త, అతనివాళ్లు పట్టుబడతారు. బిడ్డ మీద ప్రేమ ఎంతో నడిచి చూపించమంటారు. ‘పగ్లీ’ నవల 2001లో వచ్చింది. దయ అనే అమ్మాయిని పదమూడో ఏట దగ్గరి బంధువు చెరుస్తాడు. తర్వాత అతన్నే పెళ్లాడి, తనను తాకనివ్వకుండా పగ తీర్చుకుంటుంది. జిల్ అనే క్రియోల్ జాలరిని ప్రేమిస్తుంది. హిందూ ఇంటి కోడలు ఆఫ్రికా బానిసల సంతతివాడిని ప్రేమించడం ఆ ఊళ్లో క్షమించరాని నేరం. శిక్ష వేసేది మగవాళ్లు కాదు. కులం మచ్చపడకుండా కాపలా కాసే ఆడవాళ్లు. పిచ్చిదని పేరుపెట్టి ఆమెను కోళ్లగూట్లో బంధిస్తారు. ఆ గూట్లోంచి దయ మాట్లాడుతుంది. మాట్లాడేది జిల్‌తో. అతను అక్కడ లేడు.

ఇక్కడ ఒక ఇబ్బంది నిజంగా ఉంది. మరియమా బా నవలలో వినేది స్త్రీ. దయకు తన చుట్టూ ఉన్న ఆడవాళ్లే శత్రువులు, వినేది ఒక మగవాడు. స్త్రీలందరూ సహజంగా ఒకరికొకరు తోడు అన్న నమ్మకాన్ని ఆనంద దేవి ఒప్పుకోదు. కానీ దయకు మిత్సీ అనే స్నేహితురాలుంది. ఒళ్లమ్ముకుని బతికే క్రియోల్ స్త్రీ. మర్యాదస్తులైన ఆడవాళ్లు తోసేసిన దయను ఆమె దగ్గరకు తీసుకుంటుంది. జాతి, కులం, మతం గీసిన గీతకు ఇవతల చెవి పెట్టేవాళ్లు లేరు, అవతల ఉన్నారు. 2006లో వచ్చిన ‘శిథిలాల నుంచి ఎవ్’ అనే నవలలో ఇదే ఇంకా తీవ్రంగా ఉంటుంది. పోర్ట్ లూయీ నగరంలో ఒక పేదవాడ. నలుగురు పిల్లలు వంతులవారీగా మాట్లాడతారు. పెన్సిలు, రబ్బరు లాంటి బడి సామాను కోసం చిన్నతనం నుంచే తన ఒంటిని ఇవ్వడం నేర్చుకున్న ఎవ్‌కు ఒక్క సవిత దగ్గరే నోరు పెగులుతుంది. సవిత హత్యకు గురవుతుంది. వినే ఒక్క మనిషినీ చంపేస్తే మిగిలిన స్త్రీ ఏమవుతుందో ఆ నవల చివరిదాకా వెళ్లి చూస్తుంది. ఎవ్ చేతిలో తుపాకి ఉంటుంది. ఆ ముగింపును నేను సమర్థించను, ఖండించను. దానిదాకా ఆమెను నడిపించిన ప్రతి అడుగుకూ రచయిత్రి లెక్కచెప్పింది.

ఇంతమంది గురించి చెప్పాక ఒక ప్రశ్నను దాటవేయడం న్యాయం కాదు. ఈ పుస్తకాల్ని నిజంగా విన్నదెవరు? చాలావరకు పారిస్‌లో అచ్చయ్యాయి. బహుమతులు యూరప్‌లో, అమెరికాలో వచ్చాయి. అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఇవి పాఠ్యపుస్తకాలు. రమతులాయే లాంటి ఉపాధ్యాయిని వీటిని చదవగలదు. ఆమె ఇంట్లో పనిచేసే స్త్రీ చదవలేదు. ఈ విమర్శలో నిజం ఉంది. మరియమా బా తన పుస్తకాన్ని డకార్‌లోనే అచ్చువేయించింది. జెబార్ సినిమా వైపు వెళ్లింది. ఆనంద దేవి తన ఫ్రెంచిలోకి క్రియోల్ మాటల్ని తెచ్చింది. ఈ ముగ్గురూ తమ మాట తమవాళ్లకు చేరే దారి కోసం ఏదో ఒకటి చేశారు.

అన్నిటికన్నా నాకు సంతోషం కలిగించే సంగతి మరియమా బా పుస్తకానికి జరిగింది. సెనెగల్‌లో ఎక్కువమంది మాట్లాడే వోలోఫ్ భాషలోకి ఆ ఉత్తరాన్ని ఇద్దరు స్త్రీలు అనువదించారు. ఒకరు మామ్ యూనుస్ జెంగ్, వోలోఫ్‌లో నవల రాసిన తొలితరం రచయిత్రి. ఇంకొకరు అరామ్ ఫాల్, ఆ భాషకు నిఘంటువు పని చేసిన భాషావేత్త. రచయిత బుబకర్ బోరిస్ జోప్ నడిపే పుస్తకమాల 2016లో తెచ్చిన మొదటి పుస్తకాల్లో అది ఒకటి. ఫ్రెంచి చదవని స్త్రీ ముందు ఇప్పుడు ఆ నవలను ఎవరైనా పైకి చదివి వినిపించవచ్చు.

యానాంలో, హైదరాబాదులో, పుదుచ్చేరిలో ఫ్రెంచి నేర్చుకుంటున్న తెలుగు పిల్లలు ఈ సభలో కొందరైనా ఉన్నారు. వాళ్లను నేను అడిగేదొక్కటే. ఈ నవలల్ని ఇంగ్లీషు మీదుగా కాకుండా నేరుగా ఫ్రెంచి నుంచి తెలుగులోకి తేవడానికి పూనుకోండి. ‘ఇంత పొడవైన ఉత్తరం’ పేరుకే పొడవు, చిన్న పుస్తకం. ‘పగ్లీ’ కూడా అంతే. ఒక్కొక్కరు ఒక్కో అధ్యాయం పంచుకున్నా ఏడాదిలో రెండూ తెమిలిపోతాయి. చదివి సరిచూడటానికి నేను సిద్ధంగా ఉన్నాను.